దస్తావేజు చదివిన నేరం

చేబ్రోలు పానకాలరావుకి చదవడమంటే ప్రాణం. చిన్నప్పుడు పకోడీలు కట్టిచ్చిన కాగితం కూడా నూనె మరకల మధ్య నుంచి చదివి గాని పారేసేవాడు కాదు. అలాంటి మనిషి తమ లా ఆఫీసులో చదవడాన్నే నిషేధించాడంటే బలమైన కారణం ఉండాలి. ఉంది. అయిదో నక్షత్రం.

ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో రెండంతస్తుల మేడ. పెద్ద దిక్కు తంగిరాల విశ్వపతిగారు. డెబ్బై నాలుగేళ్ల సీనియర్ లాయరు. ఆయన లేచి నిలబడితే అవతలి లాయరు వాయిదా అడిగే రోజులు చూసినవారు. పానకాలరావు ఆయన దగ్గర ముప్ఫై ఏళ్ల కిందట జూనియర్‌గా చేరి, ఇప్పుడు భాగస్వామి అయ్యాడు. వీళ్లు కాక పదకొండుమంది లాయర్లు, వాళ్లందరి కాగితాల ఆనుపానులూ తెలిసిన గుమాస్తా ఏసుపాదం.

ఒకరోజు హైదరాబాదు నుంచి రిత్విక్ అనే కుర్రాడొచ్చాడు. వాళ్ల కంపెనీ 'వాదసారథి' అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దస్తావేజు ఇస్తే చదివి సారాంశం చెబుతుంది, పాత తీర్పులు వెతికి పెడుతుంది, జవాబు రాసిస్తుంది. చివర్న తనకి ఎంత నమ్మకమో శాతాల్లో చెబుతుంది. పానకాలరావు పరీక్షగా ఒక ఆస్తి పంపకాల కేసు ఇచ్చాడు. అది తను పదకొండు రోజులు కూర్చుని చదివిన ఫైలు. సారథి నాలుగు నిమిషాల్లో చదివేసింది. చెప్పినదాంట్లో తప్పు కూడా లేదు. ఆ నాలుగు నిమిషాల్లో పానకాలరావు తన ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసుని వెనక్కి తిరిగి చూసుకుని సిగ్గుపడ్డాడు.

అక్కడితో ఆగి, ఆ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని పని చేసుకుంటే ఈ కథ లేదు. కాని రిత్విక్ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"మా దగ్గర శూన్యస్పర్శ ధ్రువపత్రం కూడా ఉంది సర్. కాగితానికి మనిషి స్పర్శ ఎంత తగ్గితే అన్ని నక్షత్రాలు. మొత్తం అయిదు. ఇప్పటివరకూ నాలుగు వచ్చిన ఆఫీసు ఒక్కటే."

"ఎవరిది?" అన్నారు విశ్వపతిగారు, కళ్లు మూసుకునే.

"పేరు చెప్పకూడదు సర్. విజయవాడ."

విశ్వపతిగారు కళ్లు తెరిచారు. "విజయవాడా?"

ఆ వారంలోనే శూన్యస్పర్శ అమలు కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు పానకాలరావు. దానికి తోడు 'ముఖ్య జ్ఞానాధికారి' అని ఆయన గది తలుపుకి ఇత్తడి బోర్డు బిగించారు. దాన్ని ఫొటో తీసి ఇంట్లో చూపిస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మి, "మరి ఇన్నాళ్లూ అక్కడ జ్ఞానం ఎవరు చూసుకునేవారండీ?" అని అడిగింది. పానకాలరావుకి ఆ ప్రశ్న నచ్చలేదు.

మొదటి నక్షత్రం సులువుగానే వచ్చింది. కాగితాలన్నీ స్కాన్ చేశారు. రెండోదానికి అసలు కాగితాల్ని పెట్టెల్లో సర్ది, ఊరి బయట ఏటుకూరు రోడ్డులో గోడౌను తీసుకుని అక్కడికి పంపేశారు. మూడోదానికి కక్షిదారుడి చేతి నుంచి లాయరు చేతికి కాగితం రాకుండా రిసెప్షన్ గోడకి సందు కొట్టి, వెనక యంత్రం పెట్టారు. నాలుగోదానికి సారథి రాసినదాన్ని ఎవరూ దిద్దకూడదన్నారు. ఒక జూనియరు 'ప్రతివాది' అని ఉన్నచోట 'ప్రతివాదిని' అని మార్చినందుకు మెమో అందుకుంది.

అయిదో నక్షత్రానికి మనిషి చూపు కూడా పడకూడదు. పానకాలరావు మూడు రోజులు తలుపేసుకుని సర్క్యులర్ తయారుచేశాడు. తను జీవితంలో రాసినవాటిలో అంత నిర్దుష్టమైనది మరొకటి లేదని అప్పట్లో ఆయన నమ్మకం.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కార్యాలయమందలి దస్తావేజులను చదువుట అను మానవ దౌర్బల్యము తక్షణము నిలిపివేయవలెను. చూచుట వేరు, చదువుట వేరు. అక్షరముపై దృష్టి మూడు సెకన్లకు మించి నిలిచినయెడల అది చదువుటగా పరిగణింపబడును. చదివి అర్థము చేసికొనిన పక్షమున నేరము ద్విగుణీకృతమగును."

దీని కింద కళ్లద్దాల ఉపనిబంధన ఒకటి. దూరపు చూపు అద్దాలకి అనుమతి ఉంది. దగ్గరి చూపువి రిసెప్షన్‌లో అప్పగించి టోకెన్ తీసుకోవాలి. రెండూ కలిసినవైతే కింది సగానికి టేపు అంటించాలి. విశ్వపతిగారివి రెండూ కలిసినవే. టేపు వేశాక ఆయన ఏసుపాదం భుజం పట్టుకుని, కాలితో తడుముకుంటూ మేడ దిగారు.

"ఏమయ్యా పానకాలూ, మెట్లు కూడా దస్తావేజుల కిందకే వస్తాయా?"

"వాటిని మినహాయిస్తూ సవరణ రాస్తున్నాను గురువుగారూ."

అయిదో నక్షత్రం వచ్చింది. శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. ధ్రువపత్రాన్ని పటం కట్టించి హాల్లో తగిలించారు. అందులో ఏం రాసుందో ఎవరూ చదవలేదు, నిబంధన ప్రకారం.

ఆ మరుసటి వారమే మస్తాన్‌బీ వచ్చింది.

ఆమెకి అరవై రెండేళ్లు. లాలాపేట సందులో ఒక చిన్న గదిలో ముప్ఫై మూడేళ్లుగా కుట్టుపని చేస్తోంది. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు. గది యజమాని పోలిశెట్టి సుబ్బారాయుడు ఆ మధ్య చనిపోయాడు. మనవడొచ్చి, ఆ వరసంతా పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కడతానని, ఖాళీ చేయమని కోర్టులో దావా వేశాడు. ఆమె గుడ్డసంచిలో నుంచి పాత అద్దె దస్తావేజు తీసి పానకాలరావుకి అందించబోయింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ గోడలో సందు ఉందమ్మా. అందులో వెయ్యి."

ఆమె సందులోకి అనుమానంగా చూసి, కాగితం వేసింది. యంత్రం మింగింది. నిమిషంలో తెరమీద సారాంశం పడింది. సారాంశం మూడు సెకన్ల నిబంధన కిందికి రాదు కాబట్టి పానకాలరావు ధైర్యంగానే చదివాడు. అద్దె గడువు ఎప్పుడో తీరిపోయింది. నోటీసు చెల్లుతుంది. ప్రతివాదికి గది నిలుపుకునే హక్కు లేదు. రాజీపడి ఖాళీ చేయడం మేలు. నమ్మకం తొంభై ఆరు శాతం.

ఆ మాటే ఆమెకి చెప్పాడు. మస్తాన్‌బీ ఏడవలేదు. నమ్మలేదు కూడా.

"వెనకాల చూశారా వకీలు సాబ్? పెద్దాయన వెనకాల తన చేత్తో రాశాడు."

"మా సారథి రెండువైపులా చూస్తుందమ్మా."

"అది చూస్తే చూసిందిలే. మీరు చదివి చెప్పండి."

"మేం చదవకూడదమ్మా."

మస్తాన్‌బీ ఆయన్ని జాలిగా చూసింది. "మీకూ చదువు రాదా సాబ్?"

పానకాలరావు యూనివర్సిటీ గోల్డ్ మెడలిస్టు. ఆ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది గాని, చెప్పినా ఆమెకి విషయం ఇంకా అయోమయమే అవుతుందనిపించి ఊరుకున్నాడు.

ఆమె వెళ్లాక మనసాగక స్కాన్ చేసిన బొమ్మ తెరిచాడు. ముందు పేజీ నిండా అక్షరాలు. వెనక పేజీ ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. రిత్విక్‌కి ఫోన్ చేశాడు.

"వెనక పేజీ ఖాళీగా ఉందేమిటి?"

"మీరు చదివారా సర్?" రిత్విక్ గొంతులో కంగారు.

"చూశాను. చదవడానికి అక్కడేముంది?"

"ఒక్క నిమిషం సర్... ఆఁ, అక్కడ మరకలున్నాయి. సారథి శుభ్రం చేసింది. పాత కాగితాల్లో చేతిరాత చాలావరకు మరకల కిందే లెక్క సర్."

"అసలు కాగితం తెప్పించి చూస్తే?"

"చూడొచ్చు సర్. నక్షత్రం పోతుంది."

అసలు కాగితం ఆ మధ్యాహ్నమే గోడౌనుకి వెళ్లిపోయింది. అది బయటికి రావాలంటే కమిటీ అధ్యక్షుడికి కారణాలతో దరఖాస్తు పెట్టాలి. పానకాలరావు మర్నాడు పొద్దున దరఖాస్తు పెట్టాడు. మధ్యాహ్నం భోజనం చేసి అధ్యక్షుడి హోదాలో దాన్ని పరిశీలించాడు. 'కారణములు సంతృప్తికరముగా లేవు' అని రాసి తిప్పి పంపాడు. తర్వాత్తర్వాత ఆయన ఈ సంగతి ఎవరికి చెప్పినా అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. కాని ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. నిజానికి నక్షత్రం పోతుందనే భయంతోనే తిప్పి పంపాడు. ఆ సంగతి దరఖాస్తు పెట్టినవాడికీ తెలుసు, తిరస్కరించినవాడికీ తెలుసు.

రెండు రోజుల తర్వాత కోర్టు క్యాంటీన్‌లో అవతలి లాయరు వేజెండ్ల భాస్కర్ కలిశాడు. వాళ్ల ఆఫీసులోనూ వాదసారథే.

"నీకెంత వచ్చింది?" అన్నాడు భాస్కర్.

"తొంభై ఆరు. మేం ఓడిపోతామని."

"నాకూ తొంభై ఆరే. మేం గెలుస్తామని. ఇక మనమధ్య గొడవేముంది? అల్లం టీ చెప్పు."

టీ చల్లారేలోపు రెండు సారథులూ కలిసి రాజీ మెమో రాసేశాయి. ప్రతివాది రెండు నెలల్లో గది ఖాళీ చేయాలి. ఆమె వేలిముద్ర ఒక్కటే బాకీ.

వేలిముద్ర వేయడానికి మస్తాన్‌బీ వాయిదా రోజు పొద్దున్నే ఆఫీసుకి వచ్చింది. వస్తూ వస్తూ ఎవరివో యూనిఫారాలు ఇచ్చి వచ్చినట్టుంది, మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. సిరా దిండు మీద బొటనవేలు పెట్టి ఆగింది.

"పెద్దాయన నా ముందే రాశాడు సాబ్. రిజిస్ట్రారాఫీసులో. నాకు చదువు రాదంటే మూడుసార్లు చదివి వినిపించాడు. మూడోసారి అక్కడున్నవాళ్లు నవ్వారు."

"ఏమని రాశాడమ్మా?"

మస్తాన్‌బీ కళ్లు మూసుకుని, బడిపిల్ల పద్యం ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పింది. "షేక్ మస్తాన్‌బీ కుట్టుపని చేసుకొనుచున్నంత కాలము సదరు గదిని ఖాళీ చేయమని నేనుగాని నా వారసులుగాని అడగజాలము." కళ్లు తెరిచింది. "సదరు అంటే ఏందో నాకు తెలీదు సాబ్. కాని ఆయన సదరనే అన్నాడు."

పానకాలరావు సిరా దిండుని పక్కకి లాగేశాడు. ముప్ఫై ఏళ్లలో అబద్ధం చెప్పే కక్షిదారుల్ని వందలమందిని చూశాడు. అబద్ధంలోకి ఎవరూ 'సదరు'ని తీసుకురారు. ఆ మాట కాగితంలోంచి తప్ప ఇంకెక్కడినుంచీ రాదు.

"వేలు తుడుచుకోమ్మా," అన్నాడు. "ఏసుపాదం! ఆటో పిలువు."

గోడౌను నిండా ఒకేలాంటి అట్టపెట్టెలు, పైకప్పు దాకా. వాటిమీద సారథికి తప్ప ఎవరికీ అర్థంకాని గీతల స్టిక్కర్లు. కోర్టు మొదలవడానికి గంట కూడా లేదు. ఏసుపాదం మాత్రం తాపీగా వరసల మధ్య నడుస్తూ వెళ్లి ఒక పెట్టె ముందు ఆగాడు. దానిమీద మూల పెన్సిల్‌తో గీసిన చిన్న కత్తెర.

"ఇదేంటయ్యా?"

"పేర్లు రాయకూడదన్నారు కదా సార్. రాయలేదు. బొమ్మలేశాను." ఏసుపాదం పక్క పెట్టెలు చూపించాడు. ఒకదానిమీద గేదె, ఒకదానిమీద బావి, ఒకదానిమీద కొట్టుకుంటున్న ఇద్దరు మనుషులు. "వీళ్లు అన్నదమ్ములు సార్."

పానకాలరావు పెట్టె విప్పి దస్తావేజు వెనక్కి తిప్పాడు. దగ్గరి చూపు అద్దాలు రిసెప్షన్‌లో ఉండిపోవడం వల్ల కాగితాన్ని చేతులు చాచినంత దూరం పెట్టి చదవాల్సొచ్చింది. వెలిసిన నీలం సిరా, గొలుసుకట్టు రాత. కింద సుబ్బారాయుడి సంతకం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రారు ముద్ర. మూడు సెకన్లు దాటాయి. ముప్ఫై దాటాయి. అర్థం కూడా అయింది. సదరు అక్కడే ఉంది, రెండో వరసలో.

కోర్టులో జడ్జిగారు కేసు పిలవగానే భాస్కర్ లేచాడు. "ఉభయులూ రాజీకి వచ్చారండీ. మెమో సిద్ధంగా ఉంది."

"రాజీ లేదండీ," అన్నాడు పానకాలరావు. "నేను దస్తావేజు చదివాను."

కోర్టు హాల్లో లాయర్లు తిరిగి చూశారు. అయిదు నక్షత్రాల సంగతి ఊరంతా తెలుసు.

జడ్జిగారు దస్తావేజు తీసుకుని ముందు వైపు, వెనక వైపు చూశారు. "ఇది ఇంత ముఖ్యమైనది కదా. మీరు దాఖలు చేసిన జవాబులో దీని గురించి ఒక్క ముక్క లేదేం?"

సాఫ్ట్‌వేర్ తప్పని చెప్పేయొచ్చు. భాస్కర్ ఆ మాటే చెప్పమన్నట్టు సైగ కూడా చేశాడు. పానకాలరావుకి అది న్యాయమనిపించలేదు. సారథి తనకి చేతైనది చేసింది. మరకనుకుంది, తుడిచింది. మళ్లీ చూడొద్దని అది ఎవరికీ చెప్పలేదు.

"మా ఆఫీసులో చదవడం నిషేధమండీ. నిషేధించింది నేనే. ఇది తెప్పించమని నేనే దరఖాస్తు పెడితే, నేనే కుదరదన్నాను."

జడ్జిగారు తన ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి వాంగ్మూలం ఎప్పుడూ రికార్డు చేసి ఉండరు. స్టెనో వేళ్లు గాల్లో ఆగిపోయాయి.

"అది రాసుకోకండి," అని స్టెనోకి చెప్పి, భాస్కర్ వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"మా సారథిలో ఈ పేజీ లేదండీ."

"మీ చేతిలో పెడుతున్నాను కదా. పైకి చదవండి."

చాలా నెలల తర్వాత భాస్కర్ దస్తావేజు చదవడం అదే మొదటిసారి. గొలుసుకట్టు దగ్గర రెండుసార్లు తడబడ్డాడు. వెనక బెంచీ మీద మస్తాన్‌బీ పెదాలు అతనికంటే ముందే కదులుతున్నాయి. అతను 'సదరు' దగ్గర ఆగితే బెంచీ మీదనుంచే అందించింది. జడ్జిగారు నిశ్శబ్దంగా ఉండమనలేదు.

రెండు వాయిదాల తర్వాత దావా కొట్టేశారు. తీర్పు విని మస్తాన్‌బీ బయటికొచ్చి, "చదువొచ్చినట్టేగా సాబ్ ఇప్పుడు?" అని అడిగింది. "వస్తోందమ్మా," అన్నాడు పానకాలరావు. ఆమె యూనిఫారాలు ఆలస్యమవుతున్నాయని వెళ్లిపోయింది.

ఆఫీసులో మాత్రం విషయం అంత తేలిగ్గా పోలేదు. అయిదో నక్షత్రం దస్తావేజు చదివిన సాయంత్రమే రద్దయింది. తీర్పు వచ్చాక విశ్వపతిగారు పానకాలరావుని పిలిపించారు.

"కేసు గెలిచావు, సంతోషం. కాని నిబంధన నిబంధనే. ఉల్లంఘన జరిగితే కమిటీ అధ్యక్షుడు విచారణ జరపాలని ఉంది. ఎవరు రాశారో గాని గట్టిగా రాశారు."

పానకాలరావు తనకి తను షోకాజ్ నోటీసు ఇచ్చుకున్నాడు. ఏడు రోజుల్లోగా జవాబు ఇచ్చుకున్నాడు. విచారణ రోజు మొదట బల్లకి ఇటు కూర్చుని ప్రశ్న అడిగి, లేచి వెళ్లి అటు కూర్చుని జవాబు చెప్పాడు. మూడోసారికి ఆయాసం వచ్చి, మిగిలిన ప్రశ్నలు ఏసుపాదాన్ని అడగమన్నాడు.

"చదివారా సార్?"

"చదివాను."

"అర్థమైందా సార్?"

"అయింది."

"అయ్యో," అన్నాడు ఏసుపాదం మనస్ఫూర్తిగా.

నేరం రుజువైంది, ద్విగుణీకృతంగా. ముఖ్య జ్ఞానాధికారి పదవి ఊడింది. తలుపు మీది ఇత్తడి బోర్డు తీసేశారు. 'ఇతడు దస్తావేజు చదివినవాడు' అని సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరాతో ఎక్కింది. పానకాలరావు తీర్పు మీద రెండు హోదాల్లోనూ సంతకం పెట్టి, ఇంటికెళ్లి చాలా రోజుల తర్వాత హాయిగా అన్నం తిన్నాడు.

సోమవారం పొద్దున విశ్వపతిగారు ఆయన గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేశారు. నల్లకోటు లోపల నుంచి ఒక కాగితాల కట్ట తీశారు.

"మా తమ్ముడితో పొలం తగాదా ఉంది కదయ్యా. సారథి తొంభై ఒక్క శాతం నాదేనంటోంది. నిద్రపట్టడం లేదు. కాస్త చదివిపెట్టు."

"నాకిప్పుడే శిక్షపడింది గురువుగారూ!"

"అందుకే కదా నీ దగ్గరికొచ్చింది. ఒకే నేరానికి ఒక మనిషిని రెండుసార్లు శిక్షించడానికి వీల్లేదు. మన ఆఫీసులో చదవడానికి చట్టరీత్యా అర్హుడివి నువ్వొక్కడివే."

"ఇది వేరే కాగితం కదండీ. వేరే నేరమవుతుందేమో."

"చదవడం ఒకటే నేరమయ్యా. కాగితాలు ఎన్నయితేనేం?" విశ్వపతిగారు ఆ వాదనకి తనే ముచ్చటపడ్డారు. "కావాలంటే నా అభిప్రాయం రాతపూర్వకంగా ఇస్తాను. నువ్వే చదువుకోవచ్చు."

మధ్యాహ్నానికి ఇద్దరు జూనియర్లు వచ్చారు. మర్నాడు భాస్కర్ వచ్చాడు, మొహం దాచుకుని. పాత తీర్పులు వెతకడానికి పానకాలరావు ఇప్పటికీ సారథినే అడుగుతున్నాడు. ఆ పనిలో దానికి సాటి లేదు. వెతికి తెచ్చినవాటిని కూర్చుని చదువుతున్నాడు, అంతే. ఏసుపాదం గోడౌను నుంచి పెట్టెలు ఒక్కొక్కటే మోసుకొస్తున్నాడు. గేదె పెట్టె వచ్చింది, అన్నదమ్ముల పెట్టె కూడా వచ్చింది.

నెలాఖరున ఒకరోజు తలుపు సందులోంచి రిత్విక్ తల కనిపించింది. కొత్త ఒప్పందం గురించి మాట్లాడ్డానికొచ్చాడేమో అనుకున్నాడు పానకాలరావు. కుర్రాడు అటూ ఇటూ చూసి లోపలికొచ్చి, బ్యాగులోంచి లావుపాటి కాగితాల కట్ట తీశాడు. ఫ్లాటు కొనుక్కుంటున్నాడట, బిల్డరుతో ఒప్పందం.

"సంతకం పెట్టేముందు మీరొకసారి చదువుతారని, సర్."

"మీ సారథికి ఇవ్వలేకపోయావా?"

"ఇచ్చాను సర్. ఏం ఇబ్బంది లేదంది. తొంభై తొమ్మిది శాతం." రిత్విక్ కట్టని ఇంకాస్త ముందుకి జరిపాడు. "అంత ఎప్పుడూ రాలేదు సర్. అందుకే భయమేస్తోంది."

పానకాలరావు ఎదురుగా ఉన్న కుర్చీ మీది ఫైళ్లు తీసి కింద పెట్టాడు.

"కూర్చో బాబూ," అన్నాడు. "నూట నలభై పేజీలుంది. సాయంత్రం దాకా పడుతుంది."